చిట్టా ఎవరి కోసం రాస్తున్నాం?

(రాయ్‌పూర్ దగ్గరి బీర్‌గావ్‌లో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



స్మారకోపన్యాసం ఇచ్చేవాడు ముందుగా ఎవరి స్మృతిలో మాట్లాడుతున్నాడో ఆ పేరు చెప్పాలి. ఈ బస్తీ ఆయన్ని లెక్కల మాస్టారు అనే పిలిచింది. అచ్చులో కూడా ఆ పిలుపే ఉంచమని ఇంటివారి కోరిక. బతికున్నన్నాళ్లూ రసీదు కింద సంతకంలో తప్ప తన పేరు ఎక్కడా కనబడనివ్వని మనిషి కాబట్టి వారి కోరికలో న్యాయం ఉంది.

మాస్టారిది పార్వతీపురం వైపు. విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా రాయ్‌పూర్ దాకా రైలుదారి 1931లో పూర్తయింది. రెండేళ్లకు విశాఖ రేవు తెరిచారు. ఇక్కడి సరుకు సముద్రానికి దిగడానికి వేసిన దారి అది. మన ఉత్తరాంధ్ర జనం పని వెతుక్కుంటూ పైకి ఎక్కింది కూడా ఆ దారినే. మొదట రైల్వే, తర్వాత భిలాయి ఉక్కు కర్మాగారం, ఆ తర్వాత ఈ ఉర్లా పారిశ్రామికవాడ షెడ్లు. రోలింగ్ మిల్లులో చేరినవాడి కొడుకు లేత్ పెట్టాడు, వాడి బావమరిది ఫ్యాబ్రికేషన్ పెట్టాడు, ఇంకొకరు స్క్రాప్ కొన్నారు, ఇంకొకరు టిఫిన్ హోటల్ తెరిచారు. పగలు ఒక చోట గుమాస్తాగా చేసి, సాయంత్రాలు వీళ్లందరి లెక్కలు రాసిపెట్టింది మాస్టారు.

ఆయనకు ఒక ఫిర్యాదు ఉండేది. నేను విశాఖలో ఆడిటర్ పని చేసినవాణ్ణి కనుక నా దగ్గర తరచూ అనేవారు. మార్చి నెల వచ్చిందంటే ప్రతివాడూ వచ్చి, ఈసారి ఎంత చూపిద్దాం అని అడుగుతాడట. ఎవరికి చూపించాలి అని ఆయన తిరిగి అడిగితే అదేం ప్రశ్న అన్నట్టు చూస్తారట. ఇన్‌కమ్ టాక్సు వాళ్లకు కాక మరెవరికి? ఈ ఉపన్యాసం ఆ ప్రశ్నకు నాకు తోచిన జవాబు. దాన్ని చెప్పడానికి నేను జర్మనీ దాకా వెళ్లి రావాలి.

జర్మనీయే ఎందుకంటే, ఇక్కణ్ణుంచి పోయే హౌరా–ముంబయి లైను మీద రూర్కెలా ఉంది. భిలాయిని సోవియట్ సాయంతో కట్టిన రోజుల్లోనే రూర్కెలాను పశ్చిమ జర్మనీ క్రుప్, డెమాగ్ కంపెనీల సాయంతో కట్టారు. జర్మన్ మెషిన్ అంటే ఇక్కడ లేత్ దగ్గర నిలబడే కుర్రాడికి కూడా గౌరవమే. ఆ మెషిన్ తయారుచేసి అమ్మినవాడు తన లెక్కపుస్తకం ఏ నియమాల కింద రాస్తాడో ఎవరూ అడగరు. నా దృష్టిలో మెషిన్ కంటే నేర్చుకోదగ్గది ఆ పుస్తకమే.

జర్మనీ ఒక దేశం కాకముందే జర్మన్ వర్తకులకు ఒక చట్టం ఉంది. 1861లో వాళ్లకు ఒక ఉమ్మడి వర్తక స్మృతి తయారైంది. రాజ్యాలు ఒక్కొక్కటే దాన్ని తమ చట్టంగా చేసుకుంటూ పోయాయి. బిస్మార్క్ సామ్రాజ్యం ఏర్పడింది 1871లో. ప్రష్యావాడూ బవేరియావాడూ ఒక జెండా కిందికి రాకముందే ఒకే పద్ధతిలో సరుకు పంపుకుని, ఒకే పద్ధతిలో బాకీ వసూలు చేసుకున్నారన్నమాట. ఇప్పుడున్న వర్తక స్మృతి, వాళ్ల భాషలో హాండెల్స్‌గెజెట్స్‌బుఖ్, 1897 మేలో వెలువడి 1900 జనవరి 1న వాళ్ల పౌర స్మృతితో పాటు ఒకే రోజున అమల్లోకి వచ్చింది. రెండు ప్రపంచయుద్ధాలు, హిట్లరు పాలన, దేశ విభజన, మళ్లీ ఏకీకరణ, ఇన్నిటి తర్వాతా సవరణలతో అదే నడుస్తోంది. లెక్కల నియమాలను 1985లో ఒక ప్రత్యేక భాగంగా కూర్చారు.

ఆ స్మృతి మొదటి సెక్షనే వర్తకుడు ఎవరు అని తేలుస్తుంది. పద్ధతిగా నడిపే యంత్రాంగం లేనిదే సాగని వ్యాపారం చేసేవాడు వర్తకుడు. డాక్టరు, లాయరు వర్తకులు కారు, ఎంత సంపాదించినా సరే. ఒకసారి వర్తకుడివి అయ్యాక చట్టం నీతో మాట్లాడే తీరే మారిపోతుంది. మామూలు మనిషి జామీను ఉంటే కాగితం మీద రాసి ఇవ్వాలి, వర్తకుడు నోటిమాటగా జామీను ఉన్నా చెల్లుతుంది. మామూలు మనిషి ఒప్పుకున్న జరిమానా మరీ ఎక్కువగా ఉంటే కోర్టు తగ్గించవచ్చు, వర్తకుడు తన వ్యాపారంలో ఒప్పుకున్న జరిమానాకు ఆ దయ లేదు. వర్తకుడు వ్యవహారం తెలిసినవాడని చట్టం నమ్ముతుంది కనుక మాఫీలు తక్కువ, బరువు ఎక్కువ.

మన చట్టాల్లో ఈ వర్తకుడు కనిపించడు. 1872 కాంట్రాక్టు చట్టంలో ఒప్పందం చేసుకునేవాడు ఉన్నాడు, 1930 సరుకుల విక్రయ చట్టంలో అమ్మేవాడు, కొనేవాడు ఉన్నారు, 1932 చట్టంలో భాగస్తుడు ఉన్నాడు. పన్ను చట్టంలో పన్ను కట్టేవాడు ఉన్నాడు, ఆయనకు మాత్రం ఏ లోటూ లేదు. సొంతంగా కొట్టు నడుపుకునే మనిషి పుస్తకం రాసి తీరాలని మనలో గట్టిగా చెప్పేది పన్ను చట్టమే. అందుకే మార్చిలో ఎంత చూపిద్దాం అన్న ప్రశ్న పుడుతుంది.

జర్మన్ స్మృతిలో 238వ సెక్షన్ చూడండి. ప్రతి వర్తకుడూ పుస్తకాలు రాయాలి. ఎలా ఉండాలి ఆ పుస్తకాలు? లెక్కలు తెలిసిన ఒక మూడో మనిషి తీరిగ్గా కాసేపు తిరగేస్తే, ఏ లావాదేవీలు జరిగాయో, వ్యాపారం ఏ స్థితిలో ఉందో అతనికి బోధపడాలి. ఆ వాక్యంలో పన్ను అధికారి ఊసే లేదు. ఎవరా మూడో మనిషి? అప్పిచ్చినవాడు కావచ్చు, కొత్తగా చేరబోయే భాగస్తుడు కావచ్చు, కోర్టు పంపిన నిపుణుడు కావచ్చు, రేపు కొట్టు చూసుకోవలసిన కూతురు కావచ్చు. యజమాని పక్కన కూర్చుని, ఇది ఆ నాయుడిగారి బాకీ, ఇది మనం వేసుకున్న గుర్తు అని వివరిస్తేనే అర్థమయ్యే పుస్తకం ఈ పరీక్షలో తప్పినట్టే.

ఈ నియమం మంచితనం వల్ల పుట్టలేదు, దివాళాల వల్ల పుట్టింది. 1673లో ఫ్రాన్సులో పద్నాలుగో లూయీ కాలంలో వర్తకుల శాసనం వచ్చింది. దాని తయారీలో ముఖ్యుడు జాక్ సావరీ, స్వయంగా వర్తకుడు. దివాళా తీసినవాడు పుస్తకాలు చూపించలేకపోతే అతన్ని మోసగాడిగా లెక్కగట్టవచ్చని ఆ శాసనం చెప్పింది. మోసపు దివాళాకు శిక్ష మరణం. ఇప్పటి జర్మనీలో అంత కటువు లేదు గానీ, చెల్లింపులు ఆగిపోయిన వర్తకుడు అసలు పుస్తకాలే రాయలేదనో, అర్థం కాకుండా రాశాడనో తేలితే రెండేళ్ల దాకా జైలు వేయవచ్చు. నష్టపోవడం నేరం కాదు. ఎలా నష్టపోయావో అప్పులవాళ్లకు తెలియకుండా చేయడం నేరం.

పన్ను సంగతి ఆ తర్వాతే వచ్చింది. 1874లో బ్రెమెన్, సాక్సనీ రాజ్యాలు ఆదాయంపై పన్ను వేసేటప్పుడు, లాభం ఎంతో తేల్చడానికి వేరే లెక్క కట్టకుండా వర్తకుడు ఎలాగూ రాస్తున్న పుస్తకాన్నే ఆధారం చేసుకున్నాయి. వర్తకుడి లెక్క ముందు, పన్ను లెక్క దాని వెనక. ఈ మధ్య సవరణల వల్ల, ముఖ్యంగా 2009 తర్వాత, ఆ ముడి కొంత వదులైంది. క్రమం మాత్రం మారలేదు. మన దగ్గర ఆ క్రమం తలకిందులుగా ఉంది.

ఎలా ఉందో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు, అయినా సభలో ఒకసారి బయటికి అనడం మంచిది. ఈ చుట్టుపక్కల ఒక మోస్తరు కొట్టుకు మూడు లెక్కలు ఉంటాయి. కచ్చా లెక్క జేబులో చిన్న డైరీలో ఉంటుంది, నిజం దాన్లోనే ఉంటుంది. పక్కా లెక్క కంప్యూటర్లో ఉంటుంది, అది పన్ను కోసం. మూడోది క్యాష్ క్రెడిట్ ఇచ్చిన బ్యాంకుకు నెలనెలా పంపే స్టాక్ స్టేట్‌మెంటు. పన్ను లెక్కలో సరుకు తగ్గుతుంది, బ్యాంకు లెక్కలో పెరుగుతుంది. ఒకే గోడౌనులో, ఒకే మార్చి 31న, ఒకే ఇనుముకు రెండు బరువులు! కాటా చీటీలో ఉన్న మూడో బరువు ఎవరికీ పట్టదు.

జర్మన్ వర్తకుడు ఏడాదికోసారి సరుకు లెక్కపెట్టి పట్టీ రాయాలి. దానికి వెల కట్టేటప్పుడు జాగ్రత్త సూత్రం అని ఒకటి ఉంది. కొన్న ధర కంటే మార్కెటు ధర పడిపోతే ఆ నష్టాన్ని ఇప్పుడే రాసుకోవాలి. మార్కెటు పెరిగితే మాత్రం అమ్మేదాకా లాభం రాసుకోకూడదు. రాబోయే నష్టానికి పుస్తకంలో ముందే చోటు, రాబోయే లాభానికి లేదు. 2008 నడిమిదాకా ఉక్కు ధర ఎలా ఎగిరిందో, ఆ ఏడాది చివరికి ఎలా కూలిందో మీలో పాతవారికి గుర్తుంటుంది. గోడౌనులో ఉన్న సరుకును పెరిగిన ధరకు లెక్కవేసుకుని, ఆ ధీమా మీద ఇంకో లారీ కొన్నవాడు దెబ్బతిన్నాడు. జాగ్రత్త సూత్రం మన కంపెనీల లెక్కల ప్రమాణాల్లోనూ ఉంది. చిన్న కొట్టు దాకా రాలేదు. అక్కడ ముగింపు సరుకు అంకెను ముందు ఖాళీగా ఉంచుతారు, లాభం ఎంత చూపించాలో తేలాక ఆ అంకె దానంతట అదే పుడుతుంది.

మన పన్ను చట్టం చిన్నవాడి పట్ల దయగానే ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి. 1961 చట్టం కింద సొంత వ్యాపారం చేసే వ్యక్తి అమ్మకాలు 25 లక్షలు, ఆదాయం రెండున్నర లక్షలు దాటకపోతే పుస్తకాలు అక్కర్లేదన్నారు. ఆ గీత దాటినా, రెండు కోట్ల దాకా, నగదు వాడకం బాగా తక్కువైతే మూడు కోట్ల దాకా, అమ్మకంలో ఎనిమిది శాతమో, బ్యాంకు ద్వారా వచ్చినదానిపై ఆరు శాతమో లాభం వచ్చిందనుకుని పన్ను కట్టేస్తే చాలన్నారు. జర్మనీ కూడా చిన్నవాణ్ణి వదిలింది. ఒంటరి వర్తకుడికి వరసగా రెండేళ్లు అమ్మకాలు 8 లక్షల యూరోలు, లాభం 80 వేల యూరోలు దాటకపోతే వర్తక స్మృతి లెక్కల నుంచి మినహాయింపు ఉంది. మన డబ్బులో ఆ అమ్మకాలు ఏడు కోట్ల పైమాటే. ఆ కొలతతో చూస్తే బీర్‌గావ్ బజారులో చాలామందికి జర్మనీలో కూడా పుస్తకం తప్పనిసరి కాదు.

మరి నేను ఎందుకు ఇంతగా చెబుతున్నాను? పన్నువాడు వదిలేసినంత మాత్రాన మిగతా ప్రపంచం మనల్ని వదలదు కనుక. స్క్రాప్ వ్యాపారి ఒకాయన ఒక రాత్రి గుండెపోటుతో పోయాడనుకోండి. ఆయన ఇవ్వవలసినవాళ్లందరూ పెద్దకర్మ కూడా కాకముందే గుమ్మంలో ఉంటారు. ఆయనకు ఇవ్వవలసినవాళ్లలో ఒక్కడూ రాడు. భార్యకు ఆ డైరీ చేతికొస్తుంది. అందులో పొడి అక్షరాలు, సున్నా చుట్టిన అంకెలు, ఏ అర్థమో తెలియని టిక్కులు. మాస్టారు ఇలాంటి ఇళ్లలో కూర్చుని డైరీలు విడదీసిన సందర్భాలు ఈ సభలో కొందరికి తెలుసు. జర్మన్ చట్టం చెప్పిన మూడో మనిషి ఇక్కడ ఆ ఇంటి ఇల్లాలు.

దిద్దుళ్ల మాట కూడా చెప్పుకోవాలి, లెక్క రాసేవాడి గుణం బయటపడేది అక్కడే. 1897లో రాసిన జర్మన్ పాఠం ప్రకారం పుస్తకం కుట్టి ఉండాలి, పేజీలకు వరస అంకెలు ఉండాలి, మధ్యలో ఖాళీలు వదలకూడదు, రాసిందాన్ని చదవడానికి వీల్లేకుండా కొట్టివేయకూడదు, గీకకూడదు. ఇప్పుడు కంప్యూటర్లో రాసినా, మొదట ఏం రాశారో తర్వాత తెలిసి తీరాలన్న షరతు అలాగే ఉంది. మన దేశంలో కంపెనీలకు 2023 ఏప్రిల్ 1 నుంచి ఇలాంటి నియమమే వచ్చింది. లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్‌లో ప్రతి దిద్దుబాటూ తేదీతో నమోదు కావాలి, ఆ నమోదును ఆపడానికి వీలుండకూడదు. మంచి నియమం. సొంత కొట్టువాళ్లకు వర్తించదు, అందుకే మార్చి చివరి వారంలో అక్టోబరు బిల్లులు పుడుతుంటాయి. కుట్టిన పుస్తకం, వరసగా పేజీలు, పైన శ్రీకారం, ఇవన్నీ మన కోమటి కొట్లలో చిట్టా ఆవర్జాలు రాసిన గుమాస్తాలకు ఎవరూ నేర్పనక్కర్లేని సంగతులు. కంప్యూటరు వచ్చి ఆ మర్యాద పోగొట్టింది.

ఇంకో చిన్న సంగతి మీకు సరదాగా ఉంటుంది. జర్మన్ వర్తకుడు పుస్తకాలు ఏ భాషలో రాయాలి? 239వ సెక్షన్ జర్మన్ అనదు, జీవభాష ఏదైనా చాలంటుంది. రేపు మన పిల్లవాడు ఫ్రాంక్‌ఫర్ట్‌లో కిరాణా కొట్టు పెట్టి చిట్టా తెలుగులో రాసుకున్నా చట్టం కాదనదు. పన్ను ఆఫీసు అడిగితే అనువాదం ఇవ్వాలి, ఏడాది చివరి ఆస్తి అప్పుల పట్టీ మాత్రం జర్మన్‌లో, యూరోల్లో ఉండాలి. పుస్తకాలను పదేళ్లు, బిల్లులను 2025 నుంచి ఎనిమిదేళ్లు, వ్యాపార ఉత్తరాలను ఆరేళ్లు దాచాలి. మన కంపెనీలకు ఎనిమిదేళ్లు, జీఎస్టీకి వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు. వానలకు కారే రేకుల షెడ్డు అటక మీద 72 నెలలు కాగితం నిలవదు, ఫోటో తీసి దాచుకోండి.

ఇక మీకు నేరుగా డబ్బుతో ముడిపడిన విషయం. జర్మన్ స్మృతిలో 377వ సెక్షన్ కొనే వర్తకుడి నెత్తిన ఒక బాధ్యత పెడుతుంది. సరుకు దిగగానే ఆలస్యం లేకుండా చూసుకోవాలి, లోపం ఉంటే వెంటనే చెప్పాలి. చెప్పకపోతే సరుకు నచ్చినట్టే లెక్క, దాచి ఉన్న లోపమైతే తప్ప. ఆరు నెలల తర్వాత బిల్లు అడిగినప్పుడు, నీ గేటు వంకరగా ఉందని మొదలుపెట్టే రకాన్ని ఈ ఒక్క వాక్యం నోరెత్తనివ్వదు.

మనకూ ఇలాంటి వాక్యం ఉంది, ఉందని ఉర్లాలో ఎందరికి తెలుసో నాకు సందేహం. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టంలో ఉంది. సరుకు ఇచ్చిన 15 రోజుల్లోగా కొన్నవాడు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, ఇచ్చిన రోజే ఒప్పుకున్నట్టు లెక్క. ఒప్పందం లేకపోతే అక్కణ్ణుంచి 15 రోజులు, ఉన్నా ఎట్టి పరిస్థితిలోనూ 45 రోజుల లోపు డబ్బు ఇవ్వాలి. ఇవ్వకపోతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ, నెలనెలా అసలులో కలుపుతూ. బ్యాంకు రేటు 6.75 శాతం ఉన్న 2024లో అది 20.25 శాతం అయింది. జర్మనీలో వ్యాపారుల మధ్య ఆలస్యపు వడ్డీ మూల రేటుపై తొమ్మిది శాతం, మీదనుంచి ఒక 40 యూరోలు. కాగితం మీద మన చట్టమే కఠినం. ఈ తగవులు విచారించే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్ మీకు డబ్బు ఇప్పించమని తీర్పిస్తే, దాన్ని కోర్టులో సవాలు చేయాలన్నా అవతలివాడు ముందు 75 శాతం కట్టాలి.

ఇంత పదునైన కత్తి ఒరలోనే ఎందుకు ఉంది? కౌన్సిలు 90 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉన్నా ఆచరణలో అలా జరగడం అరుదు. పెద్ద మిల్లుతో తగవు పెట్టుకుంటే రేపు పని రాదన్న భయం ఇంకొకటి, అది నిజమైన భయమే, నేను కొట్టిపారేయను. మూడోది కాగితం. సరుకు ఏ రోజు దిగింది? చలాన్ మీద అవతలి గేటు ముద్ర, తేదీ ఉన్నాయా? ఆర్డరు ఫోనులో చెప్పారా, రాసి ఇచ్చారా? చిన్న పరిశ్రమగా గుర్తింపునిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ సరుకు ఇచ్చేనాటికి ఉందా? తర్వాత తెచ్చుకుంటే పాత సరఫరాలకు ఈ రక్షణ పాకదని సుప్రీంకోర్టు 2021లో సిల్పీ ఇండస్ట్రీస్ కేసులో అంది. ఆ ప్రశ్న తర్వాత పెద్ద ధర్మాసనం ముందుకు వెళ్లింది. అది ఎటు తేలినా ముందే నమోదైనవాడికి దిగులు లేదు. కొని అమ్మే వర్తకులు కూడా 2021 నుంచి ఉద్యమ్‌లో చేరవచ్చు గానీ, అది బ్యాంకు రుణాల ప్రాధాన్యం కోసమే. 45 రోజుల రక్షణ తయారీ, సేవలు చేసేవాళ్లదే. స్క్రాప్ కొట్లవారు ఇది గమనించాలి.

2023లో ప్రభుత్వం ఇంకో మెలిక పెట్టింది. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు గడువులోగా డబ్బు ఇవ్వని కొనుగోలుదారు ఆ ఖర్చును ఆ ఏడాది తన ఆదాయంలోంచి తీసివేసుకోకూడదు. 2024 మార్చిలో ఈ భయంతో పాత బిల్లులు చకచకా తీరినచోట్లూ ఉన్నాయి, రిజిస్ట్రేషన్ ఉన్నవాడి దగ్గర కొనడం మానేద్దామని ఆలోచించినవాళ్లూ ఉన్నారు. నాకు ఇందులో కనిపించేది మన పాత అలవాటే. వర్తకుడు వర్తకుడికి ఇవ్వవలసిన బాకీ తీర్చాలన్నా మనకు పన్ను బెత్తమే కావాలి.

అలాగని మన నేలకు వర్తక చట్టం కొత్తదేమీ కాదు. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. అంతకుముందు తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు లాక్కునేవారు. ఇకపై లాక్కోబోమనీ, ముప్పైలో ఒక వంతు సుంకం కట్టి నిర్భయంగా వర్తకం చేసుకోమనీ ఆయన ముక్కూమొహం తెలియని పరదేశి వర్తకులకు రాతి మీద మాటిచ్చాడు. తెలియనివాడు కూడా నమ్మేలా రాయడం అంటే అది.

ఇప్పుడు కోర్టు. పుస్తకంలో రాసి ఉంది కదా, బాకీ రుజువైనట్టే కదా అని చాలామంది అనుకుంటారు. 1872 సాక్ష్య చట్టంలో 34వ సెక్షన్, 2024 జూలై నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 28వ సెక్షన్, ఒకే మాట చెబుతాయి. వ్యాపార క్రమంలో నిత్యం రాస్తూ వచ్చిన లెక్కపుస్తకంలోని పద్దు సాక్ష్యంగా పనికొస్తుంది, కానీ ఆ పద్దు ఒక్కదానితోనే ఎవరి మీదా బాధ్యత మోపలేరు. 1998లో జైన్ హవాలా కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను విప్పి చెప్పింది. విడి కాగితాలు పుస్తకం కావంది. పుస్తకమే అయినా, పద్దుకు తోడుగా వేరే సాక్ష్యం కావాలంది. పెద్ద రాజకీయ నాయకుల పేర్లున్న కేసు కనుక దేశమంతా ఆ పేర్ల గురించే మాట్లాడుకుంది. నేను ఆ తీర్పు చదివినప్పుడు మాత్రం మన కొట్లలో మేకుకు గుచ్చిన పర్చీలు గుర్తొచ్చాయి. మీ కచ్చా లెక్క కోర్టు గుమ్మం ఎక్కలేదు. అవతలివాడు లేదంటే లేనట్టే. పన్ను మిగిలిందనుకున్న ఆ అమ్మకం మీద అసలు కూడా పోతుంది.

బావా బావమరుదులు కలిసి పెట్టిన వర్క్‌షాపులకు ఇంకో గొయ్యి ఉంది. భాగస్వామ్య సంస్థను రిజిస్టరు చేయకపోతే, 1932 చట్టం 69వ సెక్షన్ ప్రకారం ఒప్పందం మీద బయటివాడి పైన దావా వేయడానికి వీల్లేదు. బయటివాడు మీ మీద వేయవచ్చు. ఇంతకంటే వివరణ అక్కర్లేదనుకుంటాను.

పుస్తకం రాస్తే చాలు నిజం అందులో ఉంటుందని నేను అనడం లేదు. తెలుగువాళ్లం ఆ మాట అనలేం. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ బోర్డుకు రాసిన లేఖ హైదరాబాదులోనే కాదు, మన ప్రతి ఊళ్లోనూ ఇళ్లను కుదిపేసింది. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వ 5,361 కోట్లు. అందులో 5,040 కోట్లు లేనే లేవని ఆయనే రాశారు. కుట్టిన పుస్తకం లాంటి పుస్తకాలే అవి, పేరున్న ఆడిటర్లు సంతకం పెట్టినవే. పదకొండేళ్ల తర్వాత, 2020 జూన్‌లో, నేను ఇంతసేపు మెచ్చుకున్న జర్మనీలోనే వైర్‌కార్డ్ కంపెనీ ఖాతాల్లో ఉందన్న 190 కోట్ల యూరోలు ఫిలిప్పీన్స్ బ్యాంకుల్లో లేవని తేలింది. వారం తిరగకుండా కంపెనీ దివాళా కోర్టుకెక్కింది. అక్కడి పెద్ద కంపెనీల సూచీలో ఉన్న సంస్థ అది.

రెండు కేసుల్లోనూ తప్పు జరిగింది ఒకే చోట. డబ్బు దాచిన బ్యాంకును నేరుగా, స్వతంత్రంగా అడిగి తెలుసుకోవలసిన పని సరిగ్గా జరగలేదు. కంపెనీ తెచ్చి ఇచ్చిన కాగితాన్ని నమ్మారు. పుస్తకం ఒక పక్షం మాట మాత్రమే, రెండో పక్షం సంతకం దానికి తోడైతేనే అది నిలుస్తుంది. వేల కోట్ల కంపెనీకి వర్తించిన ఈ సూత్రం మీ ఇనుప గేటు బిల్లుకు కూడా ఉన్నదున్నట్టు వర్తిస్తుంది.

అందుకని మాస్టారి ప్రశ్నకు నా జవాబు ఇది. లెక్క చూపించవలసింది ముందుగా మీకు అప్పిచ్చేవాడికి, మీతో కలిసి వ్యాపారం చేసేవాడికి, మీ తర్వాత ఆ కుర్చీలో కూర్చునేవాళ్లకు. ఆ లెక్క ఒకటే ఉంటే పన్ను ఆఫీసు దాన్నే చూసుకుంటుంది. ఒకే లెక్క పెట్టుకుంటే పన్ను కొంచెం ఎక్కువ పడుతుంది, పడుతుందని ఒప్పుకునే చెబుతున్నాను. అయినా రాని బాకీల మీద మీరు ఏటా పోగొట్టుకునేదాని పక్కన పెట్టి చూడండి.

ఇక్కడికి వచ్చిన వర్క్‌షాపులవారికి, కొట్లవారికి ఒక మనవి. ఈ మార్చి 31లోగా, మీకు రావలసిన ప్రతి బాకీకీ ఒక చిన్న కాగితం రాయండి, ఇంత మొత్తం ఇవ్వవలసి ఉందని. అవతలివారి చేత సంతకం, తేదీ పెట్టించుకోండి. హిందీలో రాయండి, తెలుగులో రాయండి, ఏ భాషైనా సరే. పార్టీ ఎంత దగ్గరవాడైనా మొహమాటపడవద్దు. బాకీ మీద దావాకు గడువు మూడేళ్లు. ఆ మూడేళ్లు నిండేలోగా తీసుకున్న సంతకంతో లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ కింద గడువు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. నిండాక తీసుకుంటే మొదలవదు. అప్పుడు కావలసింది చెల్లిస్తానని రాసి సంతకం పెట్టిన కొత్త వాగ్దానం, ఎగ్గొట్టాలనుకున్నవాడు అది ఎన్నడూ రాసివ్వడు.